పిత్తాశయం తీసిన సాయంత్రమే ఇంటికి: ఒక కేసు పూర్వాపరాలు

రోగి వయసు 46. హైదరాబాద్ రామంతాపూర్‌లో ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతారు. భర్తకు నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం. అత్తగారు పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు. రోగికి రక్తపోటు ఉంది, రోజుకో ఆమ్లోడిపిన్ మాత్రతో అదుపులో ఉంటోంది. షుగర్ లేదు. ఏడాదిగా కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చిపోతోంది. పెళ్ళి భోజనం చేసిన రాత్రి మరీ ఎక్కువ. గ్యాస్ అనుకుని సోడాలు, జీలకర్ర నీళ్ళు తాగి నెట్టుకొచ్చారు. చివరికి స్కానింగ్ చేయిస్తే పిత్తాశయంలో చిన్నచిన్న రాళ్ళు చాలా కనిపించాయి. పిత్తాశయం గోడ మందం మామూలుగానే ఉంది. పైత్యరస నాళం ఉబ్బలేదు. కాలేయ పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. జ్వరం, కామెర్లు ఎన్నడూ లేవు. లాపరోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి కెమెరా సాయంతో, పిత్తాశయం తీసేయాలని సర్జన్ నిర్ణయించారు.

ఇంతవరకు ఇందులో వింతేమీ లేదు. ఈ ఆపరేషన్ నగరంలో ప్రతి పేటలోనూ జరుగుతుంది. రాయడానికి కారణం, ఆవిడను అదే రోజు సాయంత్రం ఇంటికి పంపించడం. మాది ఉప్పల్ వైపున్న ఒక మధ్యస్థాయి ఆస్పత్రి. నేను అక్కడ మత్తు డాక్టరును. కొవ్వు గడ్డలు, పిల్లల హెర్నియాల వంటివి మేము ఎప్పటినుంచో అదే రోజు పంపిస్తున్నాం. పిత్తాశయం తీస్తే మాత్రం ఒకటి రెండు రాత్రులు ఉంచడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీని మార్చాలనుకున్నప్పుడు తొలి వరుసలో వచ్చిన రోగుల్లో ఈవిడ ఒకరు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

రాత్రి పడకకు ఉన్న పనులు

పద్ధతి మార్చే ముందు సర్జన్లు, నర్సింగ్ సూపరింటెండెంట్, నేను కూర్చుని ఒక జాబితా రాసుకున్నాం. పిత్తాశయం తీసిన రోజు రాత్రి వార్డులో పడుకున్న మనిషికి మనం అసలు ఏమేం చేస్తున్నాం? రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాడి, బీపీ చూస్తాం. నొప్పి అంటే ఇంజెక్షన్ ఇస్తాం. వాంతి అయితే మరో ఇంజెక్షన్. సెలైన్ నడుస్తూ ఉంటుంది, చాలాసార్లు అవసరం లేకుండానే. బాత్రూముకు వెళ్ళేటప్పుడు ఆయమ్మ చెయ్యి పట్టుకుంటుంది. "ఇలా ఉండటం మామూలేనా సిస్టర్?" అని పక్కనున్న బంధువు అడిగితే "మామూలేనమ్మా" అని చెప్పే మనిషి ఒకరు ఉంటారు. లోపల రక్తస్రావం జరిగితే కనిపెడతాం.

చివరిదే అందరినీ భయపెట్టేది. రాత్రి ఉంచితే భద్రం అనే మాట దాని మీదే నిలబడి ఉంది. కానీ లాపరోస్కోపీ తర్వాత లోపల రక్తం కారడమే జరిగితే, దాని జాడలు ఎక్కువగా మొదటి కొద్ది గంటల్లోనే బయటపడతాయి: నాడి వేగం పెరగడం, ముఖం పాలిపోవడం, కడుపు బిగిసిపోవడం. అందుకే ఉదయం ఆపరేషన్ అయిన మనిషిని సాయంత్రం దాకా కళ్ళెదుట ఉంచుకోవడం తప్పనిసరి. ఇక సర్జన్లు నిద్రలో కూడా ఉలిక్కిపడే రెండో చిక్కు పైత్యరసం లీకవడం. అది సాధారణంగా రెండు మూడు రోజుల తర్వాత గానీ, ఒక్కోసారి వారానికి గానీ బయటపడదు. అప్పటికి పాత పద్ధతిలో ఉంచిన రోగి కూడా ఇంట్లోనే ఉంటారు. అంటే ఒక్క రాత్రి ఉంచడం వల్ల దానిని పట్టుకోలేం. దానికి కావలసింది ఇంట్లో ఉన్నప్పుడు ఏం చూసుకోవాలో తెలిసిన మనుషులు, ఫోను చేస్తే పలికే ఆస్పత్రి.

జాబితా పూర్తయిందనుకున్నప్పుడు మా సూపరింటెండెంట్ ఇంకొకటి చేర్చారు. ఆవిడ ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేసిన మనిషి. "ఆస్పత్రి మంచం మీద ఉన్న రెండు రోజులు ఆడవాళ్ళకు ఎవరూ పని చెప్పరు డాక్టర్" అన్నారు. ఇంకో రోజు ఉంచండి అని మెల్లగా చెవిలో చెప్పే ఆడవాళ్ళను నేనూ చూశాను. వాళ్ళకు నొప్పి ఎక్కువై కాదు, కాస్త నడుము వాల్చే వీలు అక్కడే దొరుకుతుంది గనుక. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ అంశమే ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పని పెట్టింది.

అదే రోజు ఇంటికి పంపడం కొత్త ఆలోచన కాదు. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే సర్జన్ పదేళ్ళలో పిల్లలకు 8,988 ఆపరేషన్లు జరిపి, తల్లుల చేతుల్లో పెట్టి ఇంటికి పంపించామని 1909లోనే ప్రకటించాడు. ఇప్పుడు మేము ఇంత ధీమాగా వాడే మత్తు మందు ప్రొపోఫాల్ వైద్యంలోకి వచ్చింది 1980లలో. మత్తు మందులు ఇంత సుఖంగా లేని కాలంలో ఆయన ఆ పని ఎలా చేయగలిగాడు? నర్సులు ఇళ్ళకు వెళ్ళి చూసి వచ్చేవారు. ఆస్పత్రి దగ్గరలోనే చంటిపిల్లల తల్లులు ఉండటానికి ఒక ఇల్లు ఏర్పాటు చేశాడు. 1970లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఇద్దరు మత్తు డాక్టర్లు, వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్, ఇందుకోసమే విడిగా ఒక కేంద్రం తెరిచారు. బ్రిటన్ ప్రభుత్వం 2000 సంవత్సరపు ప్రణాళికలో ముందుగా నిర్ణయించుకుని చేసే ఆపరేషన్లలో 75 శాతం అదే రోజు పద్ధతిలో జరగాలని లక్ష్యం పెట్టుకుంది. మా వృత్తిలో ఈ పద్ధతి విస్తరించడానికి కారణంగా కొత్త మందులు, కొత్త కెమెరాల పేర్లే వినిపిస్తాయి. నా లెక్కలో నికోల్ పంపిన నర్సుల వాటా వాటికంటే పెద్దది.

ముందు పరీక్ష

ఆపరేషన్‌కు వారం ముందు ఆవిడ, భర్త నా గదికి వచ్చారు. నేను చూసేది ఆపరేషన్‌కు పనికొస్తారా అని మాత్రమే కాదు, ఆ రాత్రి ఇంట్లో ఉండటానికి పనికొస్తారా అని కూడా. మొదటిది సులువుగానే తేలింది. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. పడుకుంటే గురక, నిద్రలో ఊపిరి ఆగడం లేవని భర్త చెప్పారు. (ఈ ప్రశ్న రోగిని అడిగి లాభం లేదు, పక్కన పడుకునేవారినే అడగాలి.) అదుపులో ఉన్న రక్తపోటు తప్ప మరేమీ లేదు కాబట్టి మత్తు డాక్టర్ల వర్గీకరణలో ఏఎస్‌ఏ రెండో తరగతి, అంటే జబ్బు ఉన్నా అదుపులో ఉన్నవారు.

వాంతుల సంగతి అడిగాను. "శ్రీశైలం వెళ్ళినప్పుడల్లా ఇంతే డాక్టర్ గారూ. మన్ననూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కామంటే కవరు చేతిలో ఉండాల్సిందే" అన్నారు. ఈ జవాబు విలువ చాలా ఎక్కువ. ఆపరేషన్ తర్వాత వాంతులు ఎవరికి అవుతాయో అంచనా వేయడానికి ఆప్ఫెల్ అనే జర్మన్ మత్తు డాక్టరు 1999లో నాలుగు ప్రశ్నల స్కోరు ఒకటి ఇచ్చాడు. స్త్రీ అయితే ఒకటి, పొగ తాగకపోతే ఒకటి, ప్రయాణంలో వాంతులయ్యే స్వభావం ఉంటేనో ఇదివరకు ఆపరేషన్ తర్వాత వాంతులై ఉంటేనో ఒకటి, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి మందులు వాడితే ఒకటి. మూడు వస్తే, ముందు జాగ్రత్తలేమీ తీసుకోనప్పుడు వాంతుల అవకాశం 60 శాతం దాకా ఉంటుంది. నాలుగైతే 80 దాకా. మొదటి మూడూ ఆవిడకు పుట్టుకతోనో అలవాటుతోనో వచ్చినవి, మార్చలేం. నాలుగోది నా చేతిలో ఉంది. మత్తు మందుల ప్రణాళిక మొత్తం అక్కడే తేలిపోయింది.

ఇంటి సంగతి దగ్గర బండి ఆగింది. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు మెల్లగా ఎక్కితే పరవాలేదు. మరుగుదొడ్డి కింద కూర్చునేది. కుట్లున్న పొట్టతో ఇబ్బందే గానీ, అత్తగారి కోసం కొన్న కమోడ్ కుర్చీ ఇంట్లో ఉంది. అత్తగారి కోసమే కొన్న బీపీ మిషను కూడా ఉంది. ఆస్పత్రికి ఆటోలో అరగంట లోపు ప్రయాణం. అన్నీ అనుకూలంగానే కనిపిస్తున్నాయి. అప్పుడు ఆవిడే అన్నారు: "అదే రోజు పంపిస్తామంటే చాలా మంచిది. అత్తమ్మను చూసుకోవడానికి ఇంకెవరూ లేరు."

గదిలో ఉన్న సిస్టర్ రాస్తున్న కలం ఆపింది. "మీరు వెళ్ళి ఆవిడను చూసుకుంటే మిమ్మల్ని ఎవరు చూసుకుంటారమ్మా?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా నియమాల్లో మొదటిది, ఆపరేషన్ అయిన తర్వాత 24 గంటలు బాధ్యత గల పెద్ద మనిషి ఒకరు రోగి వెంట ఉండాలి. భర్త ఉంటాను అన్నారు. కానీ ఆయన తల్లిని లేపి కూర్చోబెట్టడం, శుభ్రం చేయడం, అన్నం తినిపించడం ఇన్నాళ్ళూ కోడలి పనే. ఆయనకు ఆ పనులు చేతకావు. రాత్రి రెండింటికి ఆవిడ పిలిస్తే ఎవరు లేస్తారో నలుగురికీ తెలుసు. ఆ రోజు ఆపరేషన్ తేదీ ఇవ్వకుండానే పంపించాం. మరునాడు ఫోను వచ్చింది. భువనగిరి నుంచి రోగి చెల్లెలు వచ్చి మూడు రాత్రులు ఉంటారట. భర్త రెండు రోజులు సెలవు పెడతారట, తల్లి పని ఆయనే చూస్తారట. అప్పుడు తేదీ ఖాయం చేశాం.

భర్తకు ఇంకో సందేహం ఉంది, దాన్ని విడిగా వచ్చి అడిగారు. "కడుపు ఆపరేషన్ చేయించి రాత్రికే తీసుకొస్తే చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారు? డబ్బుల్లేక తెచ్చుకున్నామనుకుంటారు." నేను నవ్వలేదు. ఈ పరువు లెక్క మా ఆస్పత్రిలో ఎంతమందిని వెనక్కి లాగుతుందో నాకు తెలుసు. ఉంచినన్ని రోజులు గొప్ప వైద్యం అనుకునే చోట, తొందరగా పంపడం నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ ఉదాహరణ చెప్పాను. ఒకప్పుడు దానికీ తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి, కదలవద్దని రోజుల తరబడి పడుకోబెట్టేవారు. ఇప్పుడు మెహదీపట్నం సరోజినీ దేవి ఆస్పత్రిలో గానీ, ఎల్వీ ప్రసాద్‌లో గానీ కంటికి అద్దం పెట్టించుకుని అదే రోజు ఇంటికి వెళ్ళేవారిని చూసి డబ్బుల్లేక వెళ్తున్నారని ఎవరూ అనుకోరు. ఆయనకు ఆ మాట పట్టింది. వాళ్ళ నాన్నగారికి అలాగే జరిగిందట.

ఆపరేషన్ రోజు

అదే రోజు పంపాల్సిన పిత్తాశయం కేసును థియేటర్ జాబితాలో మొదట వేయాలి. ఇది మాకు మందుల కంటే ముఖ్యమైన నియమం. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టిన కేసును చీకటి పడకముందు ఇంటికి పంపాలంటే కళ్ళెదుట ఉంచుకోవాల్సిన గంటల్లో కోత పడుతుంది. సర్జన్లకు ఈ నియమం నచ్చదు, వాళ్ళు పెద్ద కేసు ముందు వేసుకోవాలనుకుంటారు. ఇప్పటికీ వారానికోసారి దీని మీద మాటా మాటా అనుకుంటూనే ఉంటాం.

ఉదయం ఏడింటికి వచ్చారు. "రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అని చెల్లెలు గర్వంగా చెప్పారు. మేము రాసి ఇచ్చింది అది కాదు. అన్నం, టిఫిన్, పాలు, పాలు కలిపిన టీ ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు, తాగాలి కూడా. ఎండిపోయిన మనిషికి తల తిరుగుడు, వాంతులు ఎక్కువ. కానీ ఉపవాసం ఎంత కఠినంగా చేస్తే అంత మేలని మన నరనరానా ఉంది, చీటీ మీద రాసినంత మాత్రాన పోదు. ఇప్పుడు ముందు రోజు రాత్రి సిస్టర్ ఫోను చేసి, పొద్దున లేవగానే ఒక గ్లాసు నీళ్ళు తాగమని నోటితో చెబుతోంది.

ఎనిమిదిన్నరకు మత్తు ఇచ్చాను. ఆపరేషన్‌కు ముందే ఒక గ్రాము పారాసిటమాల్ మాత్ర రూపంలో మింగించాం. ప్రొపోఫాల్‌తో నిద్రపుచ్చి, పీల్చే గ్యాసులు వాడకుండా చివరిదాకా ప్రొపోఫాల్ పంపు మీదే నడిపించాను. గ్యాసులు కూడా వాంతులకు ఒక కారణమే. మార్ఫిన్ జాతి మందు ఫెంటానిల్ మొదట్లో ఒక్కసారి, తక్కువ మోతాదులో. వాంతులు రాకుండా, నిద్ర పట్టగానే డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు, ముగింపులో ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు. సర్జన్ కడుపులోకి పంపే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడిని మామూలుగా పెట్టే 14, 15 మిల్లీమీటర్ల (పాదరసం) బదులు 10, 12 మధ్య ఉంచారు. కత్తిరించే ముందు నాళం, ధమని రెండూ విడివిడిగా స్పష్టంగా కనిపించేదాకా ఆగారు. నెత్తురు పెద్దగా పోలేదు, లోపలి ద్రవం బయటికి తీసే ట్యూబు పెట్టలేదు. మూసేముందు లోపలి గ్యాసును ఓపికగా బయటికి నొక్కారు. ఈ ఆఖరి రెండు నిమిషాలకు తొందరపడితే ఆ రాత్రి ఫోను మోగుతుంది. నాలుగు రంధ్రాల చుట్టూ తిమ్మిరి మందు బుపివకైన్ ఎక్కించారు. మూత్రానికి గొట్టం వేయలేదు.

పడక మీదికి మార్చేముందు ఆవిడ కళ్ళు తెరిచి "అయిపోయిందా?" అన్నారు. ఈ నగరంలో మత్తు గురించి భయం ఈనాటిది కాదు. ఇప్పటి ఉస్మానియాకు పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ఖర్చుతో, క్లోరోఫామ్ మనుషులను ఎలా చంపుతుందో తేల్చడానికి 1888, 1889లలో ఇక్కడే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకేమీ కాదని తేల్చాయి. అది తప్పని తర్వాత రుజువైంది. ఇప్పటికీ ప్రతి భర్తా, ప్రతి తండ్రీ నన్ను అడిగే మొదటి ప్రశ్న "మత్తు ఎక్కువైతే?" అనే. పది నిమిషాల్లో కళ్ళు తెరిచి పేరు పెట్టి పిలిచే మనిషిని చూపించడం కంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

మధ్యాహ్నం

రికవరీ గదిలో గంట ఉంచి, తర్వాత మంచం మీద కాకుండా వాలు కుర్చీలో కూర్చోబెట్టాం. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. మంచం ఇస్తే రోగి రోగిగానే ఉంటారు, బంధువులు దుప్పటి కప్పి చుట్టూ కూర్చుంటారు. కుర్చీలో కూర్చున్న మనిషి పన్నెండింటికి మంచినీళ్ళు తాగారు, ఒంటిగంటకు ఇడ్లీ తిన్నారు, మూడింటికి నడిచి వెళ్ళి మూత్రం పోసి వచ్చారు. సెలైన్ అప్పటికే తీసేశాం.

ఇంటికి పంపే నిర్ణయం మా దగ్గర సిస్టర్ తీసుకుంటుంది. సర్జన్ సాయంత్రం రౌండ్లకు వచ్చేదాకా ఆగితే ఎనిమిదవుతుంది. ఆమె వాడేది టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 1990లలో రూపొందించిన స్కోరు: నాడీ-బీపీ, నడక, వాంతి-వికారం, నొప్పి, రక్తస్రావం, మొత్తం అయిదు అంశాలు. ఒక్కోదానికి రెండు మార్కులు, పదికి తొమ్మిది వస్తే పంపవచ్చు. మూడున్నరకు ఆవిడకు ఎనిమిదే వచ్చాయి. కొంచెం వికారం, కొంచెం నొప్పి. అయిదింటికి తొమ్మిది. సర్జన్ మరోసారి పొట్ట నొక్కి చూసి సరే అన్నారు.

చీటీ తెలుగులో ఇచ్చాం, పెద్ద అక్షరాల్లో. మాత్రలు నొప్పి వచ్చినప్పుడు కాదు, గడియారం చూసి వేసుకోవాలి: పారాసిటమాల్ 650 ఆరు గంటలకోసారి, డైక్లోఫెనాక్ తిన్న తర్వాత రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. కారణం కూడా చెప్పాం. రంధ్రాల దగ్గర ఇచ్చిన తిమ్మిరి మందు రాత్రికి దిగిపోతుంది, అది దిగకముందే మాత్ర పనిచేస్తూ ఉండాలి. పథ్యం గురించి పది ప్రశ్నలు వచ్చాయి. పప్పు తింటే చీము పడుతుందా, చింతపండు తగలవచ్చా, వంకాయ ఎన్నాళ్ళు మానాలి. పప్పుతో చీము పట్టదనీ, నూనె మాత్రం కొన్నాళ్ళు తగ్గించమనీ చెప్పాం. వెంటనే రావలసిన లక్షణాలు విడిగా ఒక డబ్బాలో రాశాం: తగ్గకుండా పెరిగే కడుపు నొప్పి, జ్వరం, కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, కట్టు తడిసిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, పిక్కల్లో వాపు, ఆయాసం. ఇవి ఈ రాత్రికే కాదు, పదిరోజుల దాకా చూసుకోవాలి.

ఆ కింద ఇంకో వాక్యం సర్జన్ సంతకంతో ఉంది: వారం రోజులు వంట, నీళ్ళ బిందెలు, మిషను, మంచంలో మనిషిని లేపి కూర్చోబెట్టడం నిషేధం. వైద్యపరంగా మూడో రోజున ఆవిడ టీ పెట్టుకుంటే కొంపలేమీ మునగవు. కానీ టీకి అనుమతి ఇస్తే సాయంత్రానికి అది నలుగురి భోజనమవుతుంది. చీటీ మీద డాక్టరు నిషేధం ఉంటే ఆవిడ ఎవరినీ బతిమాలనక్కర్లేదు. ఇంటికి పంపడం వంటగదికి పంపడం కాకూడదని మేము పట్టుబట్టింది ఈ ఒక్క చోటే.

ఆటోలో వెళ్ళేటప్పుడు పొట్టకు ఒక దిండు ఆనించుకోమన్నాం. ఉప్పల్ నుంచి రామంతాపూర్‌కు స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో ఆ రోజు వాళ్ళకు తెలిసి ఉంటుంది.

రాత్రి ఫోను

ఎనిమిదిన్నరకు సాయంత్రం డ్యూటీ సిస్టర్ ఫోను చేస్తే అంతా బాగుందన్నారు. పది దాటాక వాళ్ళే చేశారు. ఫోను నాకు కలిపారు. భర్త గొంతు వణుకుతోంది. "కుడి భుజం లాగేస్తోందంటోంది. గుండెపోటేమో డాక్టర్ గారూ, 108కి చేయనా?"

లాపరోస్కోపీ తర్వాత భుజం నొప్పి చాలామందికి వస్తుంది. లోపల మిగిలిన గ్యాసు ఉదర వితానాన్ని (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొరను) రాపిడి పెడుతుంది. ఆ వితానానికి వెళ్ళే నరం మెడలో పుడుతుంది, భుజం చర్మానికి స్పర్శ తెచ్చే నరాలూ ఆ మూలం నుంచే వస్తాయి. మెదడు ఆ నొప్పిని భుజానిదిగా చదువుకుంటుంది. చీటీలో ఈ మాట ఉంది కూడా. కానీ పది గంటల రాత్రి భార్య భుజం పట్టుకుని మూలుగుతుంటే చీటీ ఎవరికి గుర్తుంటుంది? పైగా ఆవిడకు రక్తపోటు ఉంది, ఆడవాళ్ళలో గుండె నొప్పి అనుకున్న చోట అనుకున్నట్టు రాదు. మామూలేనని కొట్టిపారేసే హక్కు నాకు లేదు.

వరుసగా అడిగాను. లేచి కూర్చుంటే ఎక్కువా, వెల్లకిలా పడుకుంటే ఎక్కువా? కూర్చుంటే ఎక్కువ. చెమటలు? లేవు. ఛాతీలో బిగుతు, దవడలో, ఎడమ చేతిలో లాగడం? లేవు. ఊపిరి? లోతుగా పీలిస్తే భుజంలో పొడుస్తోంది, ఆయాసం లేదు. కడుపు? రంధ్రాల దగ్గర మంట, అంతే. అత్తగారి బీపీ మిషను తెచ్చి పెట్టమన్నాను: 132కు 84, నాడి 82. వీడియోలో ముఖం చూశాను, పాలిపోలేదు. మాత్రలు వేసుకున్నారా అని అడిగితే కొంచెంసేపు నిశ్శబ్దం. నొప్పి లేదు కదా అని, ఆ మాత్రలు వేడి చేస్తాయని, ఎనిమిది గంటలవి పక్కన పెట్టారట.

మజ్జిగన్నం రెండు ముద్దలు తినిపించి రెండు మాత్రలూ వేయమన్నాను. దిండు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టమన్నాను. చెమటలు పట్టినా, ఛాతీ బిగిసినా, నాడి వంద దాటినా నాకు ఫోను చేయకుండానే 108లో బయల్దేరమన్నాను. నలభై నిమిషాల తర్వాత నేనే చేశాను. చెల్లెలు ఎత్తారు, అక్క నిద్రపోతోందని చెప్పారు.

ఈ ఫోను తర్వాత మేము మార్చింది ఒకటే. ఎనిమిదిన్నర ఫోనులో "ఎలా ఉన్నారు?" అని అడగడం మానేశాం. "మాత్రలు ఎన్నింటికి వేశారు, కవరు చేతిలో పట్టుకుని చెప్పండి" అని అడుగుతున్నాం. "భుజం నొప్పి వచ్చిందా? ఇంకా రాకపోతే ఈ రాత్రి రావచ్చు" అని మేమే ముందు చెబుతున్నాం. రాబోయే నొప్పి పేరు తెలిసిన ఇంట్లో భయం సగమే ఉంటుంది.

మరునాడు, మూడో రోజు, అయిదో రోజు ఫోన్లు చేశాం. ఏడో రోజు వచ్చి చూపించుకున్నారు. గాయాలు పొడిగా ఉన్నాయి. బయాప్సీలో దీర్ఘకాలపు వాపు తప్ప ఏమీ లేదు. మిషను తొక్కడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చో అడిగారు. తల్లి పని ఎలా జరిగిందని భర్తను అడిగితే ఆయన సమాధానం చెప్పలేదు, చెల్లెలు నవ్వారు.

అదే వారంలో ఉంచేసిన మనిషి

పోలిక కోసం ఇంకొక కేసు క్లుప్తంగా. చౌటుప్పల్ దగ్గర పల్లెటూరి పెద్దాయన, డెబ్బైకి దగ్గరపడ్డ వయసు, గజ్జల్లో హెర్నియా. ఆపరేషన్‌గా చూస్తే పిత్తాశయం కంటే ఎంతో చిన్నది. అక్కడికక్కడ తిమ్మిరి మందుతోనే చేసి పంపేవి చాలా ఉంటాయి. ఈయన హెర్నియా పెద్దది, వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. ప్రోస్టేట్ వాపు ఉన్న మగవారికి వెన్ను మత్తు తర్వాత మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఊళ్ళో ఆయన, ఆయన భార్య తప్ప ఎవరూ లేరు. రాత్రి పూట అక్కడి నుంచి ఆస్పత్రికి గంటకు పైనే. ముందునుంచే ఒక రాత్రి పడక రాసిపెట్టుకున్నాం. సాయంత్రం ఆరు దాటినా మూత్రం రాలేదు, గొట్టం వేయాల్సి వచ్చింది. ఆపరేషన్ చిన్నదా పెద్దదా అని లెక్కవేసి పంపేవారు ఈయనను పంపి, ఆవిడను ఉంచేవారు.

ఆయనకు వనస్థలిపురంలో తమ్ముడి కూతురు ఉందని మరునాడు తెలిసింది. ముందే తెలిస్తే ఆ ఇంట్లో ఒక రాత్రి ఉంచే ఆలోచన చేసేవాళ్ళం. మూత్రం సంగతి తేలాకనే అనుకోండి. దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవారికి ఆస్పత్రి మంచానికీ సొంత ఇంటికీ మధ్య ఇలాంటి మజిలీ ఉంటే చాలు. నికోల్ ఆస్పత్రి పక్కన ఇల్లు ఏర్పాటు చేసింది అందుకే. మనకు బంధువుల ఇళ్ళున్నాయి. అందుకే ఇప్పుడు ముందు పరీక్షలో "పట్నంలో మీవాళ్ళెవరు?" అనే ప్రశ్న చేర్చాం.

డబ్బు

పిత్తాశయం కేసు బిల్లు దగ్గర చిక్కొచ్చింది. భర్త కంపెనీ తరఫున ఆరోగ్య బీమా ఉంది. బీమా వ్యవహారాలు చూసే మధ్యవర్తి సంస్థ నుంచి ప్రశ్న వచ్చింది: 24 గంటలు ఆస్పత్రిలో లేనప్పుడు క్లెయిమ్ ఎలా ఇవ్వాలి? ఇది వాళ్ళ పాత అలవాటు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనాల్లోనే డే కేర్ చికిత్స విడిగా ఉంది: మత్తు ఇచ్చి చేసే శస్త్రచికిత్స, సాంకేతికత పెరగడం వల్ల 24 గంటల లోపే ముగిసేది, లేకపోతే 24 గంటలకు మించి ఉంచాల్సి వచ్చేది. ఓపీలో మామూలుగా చేసేవి ఇందులోకి రావు. పిత్తాశయం ఈ నిర్వచనానికి పాఠ్యపుస్తకం ఉదాహరణ. ఆ వాక్యాన్ని యథాతథంగా రాసి, మత్తు రికార్డు జతచేసి పంపితే డబ్బు విడుదలైంది. కొన్ని ఆస్పత్రులు ఈ తలనొప్పి ఎందుకని కాగితం మీద మరునాటి ఉదయం దాకా ఉంచినట్టు చూపిస్తాయని వింటాం. రోగి ఇంట్లో ఉండగా వార్డు చార్టులో బీపీ అంకెలు వేయడం అబద్ధపు రికార్డు. దానికి మా సూపరింటెండెంట్ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

ఇంకోవైపు మెట్రో స్తంభాల మీద, ఫోను తెరల మీద ప్రకటనలు చూస్తున్నాం. మొలలు, హెర్నియా, వెరికోస్ సిరలు, అన్నిటికీ లేజర్, పొద్దున చేరి సాయంత్రం వెళ్ళిపోవచ్చట. వెళ్ళవచ్చు. కానీ రాత్రి పదింటికి ఆ ప్రకటనలో నంబరుకు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారో ఎవరూ రాయరు. రోగి బంధువులు నన్ను సలహా అడిగితే ఆస్పత్రి ఎంచుకునే ముందు ఆ నంబరుకు ఒకసారి రాత్రి పూట చేసి చూడమంటాను.

మా యాజమాన్యానికి మొదట్లో ఉన్న భయం గది అద్దె పోతుందని. ఖాళీ అయిన మంచం మీద అదే రాత్రి జ్వరం కేసు చేరుతోంది గనుక ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. తేలనిది ఇంకొకటి. సాయంత్రం ఫోన్లు చేసే సిస్టర్ జీతం ఏ పద్దులో రాయాలి? ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో గానీ బీమా కంపెనీలతో కుదుర్చుకున్న ధరల్లో గానీ ఇంటికి చేసే ఫోనుకు వరస లేదు. మంచం మీద రోగిని చూసే నర్సుకు డబ్బు వస్తుంది, ఇంట్లో రోగిని ఫోనులో చూసే నర్సుకు రాదు. ప్రస్తుతానికి ఆస్పత్రే భరిస్తోంది. తర్వాతి ఒప్పందాల్లో డే కేర్ ప్యాకేజీకి మూడు ఫోన్ల ఖర్చు కలపమని మా బిల్లింగ్ విభాగం రాసి పంపింది. ఇంకా జవాబు రాలేదు.